నూకరాజు మడత చాకులు

భిలాయి సెక్టర్ సిక్స్‌లో నూకరాజు పేరు తెలియని వాళ్లకి కూడా చాకుల తాత అంటే తెలుసు. స్టీల్ ప్లాంటు మిషన్ షాపులో ముప్పై నాలుగేళ్లు టర్నరుగా చేసి రిటైరయ్యాడు. క్యాంప్ వన్ బస్తీలో తుక్కు దుకాణాలు గాలించి పాత మడత చాకులు, వేట కత్తులు ఏరి తెచ్చుకోవడం ఉద్యోగంలో చేరిన ఏడాది పట్టుకున్న పిచ్చి. తుప్పు తీస్తాడు గాని మెరుగు పెట్టడు. ఎన్నో చేతులు మారి ఇనుము మీద పేరుకున్న నల్లదనం పోతే బజార్లో కొత్త చాకుకీ దానికీ తేడా ఏముందంటాడు. మడత తెరిచినప్పుడు స్ప్రింగు పడే చప్పుడు విని, చేసినవాడి పనితనం చెప్పగలడు. మొత్తం ఇరవై మూడు. ఒక్కోదానికి ఒక గుడ్డ సంచి. అన్నీ ఒక రేకు పెట్టెలో.

ఆ సోమవారం పొద్దున్న పదింటికి వాకింగ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. నిన్న సాయంత్రం క్యాంప్ వన్‌లో ఎవరినో పొడిచారు. పొడిచినవాడు దొరకలేదు. ఇత్తడి కట్టున్న పాత రాంపురి చాకు అని చూసినవాళ్లు చెప్పారట.

అలాంటిది నూకరాజు దగ్గర ఒకటుంది. గేదె కొమ్ము పిడి, ఇత్తడి కట్టు, జానెడు పొడుగు. ఒకసారి చూద్దామని పెట్టె తెరిచాడు. దాని సంచి చేతిలో ఖాళీగా ముడుచుకుపోయింది.

పక్క గదిలో కొడుకు యుగంధర్ నైట్ షిఫ్టు చేసొచ్చి నిద్రపోతున్నాడు. ప్లాంటులో కాంట్రాక్టు పని. పది రోజుల కిందట సూపర్‌వైజరు అందరి ముందూ వాడి చెంప మీద కొట్టాడు. ఆ సూపర్‌వైజరు ఉండేది క్యాంప్ వన్‌లోనే. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నాలుగు రోజులాగి యుగంధరే వచ్చి, "నాన్నా, ఆ రాంపురి ఎలా ఖుల్తాది? చూపించు" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లలో వాడు చాకుల గురించి అడగడం అదే మొదలు. నూకరాజు పొంగిపోయి, తెరవడానికి బొటనవేలు ఎక్కడ ఆనించాలో చెయ్యి పట్టుకుని మరీ చూపించాడు.

ఇప్పుడు అది గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం వాడు ఇంట్లో లేడు.

గుమ్మంలో నిలబడి నిద్రపోతున్న కొడుకు చేతుల వంక చూశాడు. పెరట్లోకి వెళ్లి తీగ మీద ఆరేసిన చొక్కా మోచేతుల దగ్గర తిరగేసి చూశాడు.

"ఏటి సూస్తన్నారు?" వెనక నుంచి భార్య సత్యవాణి అడిగింది.

"ఏట్నేదు."

కొడుకుని లేపి అడగొచ్చు. అడిగితే జవాబు వినాలి. అందుకే అడగలేకపోయాడు.

పన్నెండు కాకుండానే గేటు ముందు జీపు ఆగింది. తుక్కు దుకాణం వాడు నూకరాజు పేరు చెప్పాడట. ఎస్సై మర్యాదగానే, "అంకుల్‌జీ, మీ చాకులు ఒకసారి చూపించండి" అన్నాడు హిందీలో. ఒక్కో సంచీ తెరిచి చూసి, ఖాళీ సంచి పైకెత్తాడు.

"ఇందులోది ఎక్కడ?"

నూకరాజు ఆ సంచి అందుకుని తిరగేశాడు. అప్పుడే యుగంధర్ లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

వంటింట్లోంచి సత్యవాణి వచ్చింది. మోచేతుల దాకా గోధుమపిండి. చేతిలో రాంపురి. "పిండి డబ్బాలో దాచేను సాబ్. ఇంట్లో పిల్లలు ముట్టుకుంటారని," అంది తనకొచ్చిన హిందీలో.

మడత సందుల్లో పిండి గట్టిగా కూరుకుపోయి ఉంది. ఎస్సై ఫోన్లో ఉన్న సీసీ కెమెరా ఫోటోతో పోల్చి చూశాడు. పిడి వేరు. అయినా పరీక్షకని దాన్ని తీసుకుని, కాగితం మీద సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు.

నూకరాజు మిగిలిన సంచులు పెట్టెలో సర్దాడు. "మనింటికి ఏ పిల్లలొస్తన్నారు?" అన్నాడు భార్యతో.

సత్యవాణి కొడుకు వైపు చూడలేదు. "గురువారం ఈడి టిఫిన్ బ్యాగు సర్దుతుంటే అడుగున దొరికింది. తీసేసి డబ్బాలో పెట్టేను. ఆడలాగే డూటీకి ఎల్లిపోనాడు. తిరిగొచ్చి నన్నడగనేదు, నాను సెప్పనేదు. ఈ నాలుగు రోజులూ గేటు సప్పుడైతే సాలు, గుండె ఆగిపోతంది."

"ఖాలీ డరానేకే, నాన్నా," అన్నాడు యుగంధర్ నేల చూస్తూ. "భయపెడదామనే. బస్."

"తెరిచి పట్టుకున్నాక అది నీ మాట వినదురా," అన్నాడు నూకరాజు. "నానే కదా నేర్పేను నీకు."

సాయంత్రానికి పొడిచినవాడు దొరికాడు. ఎవరో ఏమో, వీళ్లకు సంబంధం లేని గొడవ. ఆ వారమే నూకరాజు మిగిలిన ఇరవై రెండూ రిటైర్డ్ ఆఫీసరు పార్థసారథి గారికి ఇచ్చేశాడు. పాత లోహాలంటే ప్రాణమిచ్చే ఆయన అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నారు. ఏ చాకు ఎక్కడ దొరికిందో చెబుతూ రెండు గంటలు కూర్చుని, ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు.

యుగంధర్ ఇంకా ఆ సూపర్‌వైజరు కిందే పనిచేస్తున్నాడు. వాడు రావడం పావుగంట ఆలస్యమైతే తల్లీ తండ్రీ ఒకరికొకరు చెప్పుకోకుండానే వీధిలోకి వచ్చి నిలబడతారు.