మేకులు గుచ్చిన నిమ్మకాయలు

"ఏమమ్మా, నిమ్మకాయ కనబడితే ఇంగా తల మీద నీళ్లు పోసుకుంటాండావా?" అన్నాడు సైన్సు సారు.

"పోండి సారూ! ఆ మాట విడిస్తే మీకు ఇంగో మాట రాదా?" అన్నాను నేను.

మా ఇద్దరి మధ్యా నడిచిన చివరి మాటలు అవే. హిందూపురం బస్టాండులో ఆయన ఎక్కిన బస్సు కదిలింది, కిటికీలోంచి నవ్వుతూ చెయ్యి ఊపాడు. మొన్న ఆయన పోయాడని తెలిసిన దగ్గర్నుంచి, కడసారి మాట అంత విసుగ్గా అన్నానే అని మనసు పీకుతోంది. అందుకే మా అన్న కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇది చెబుతున్నాను. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. (నా మాటలకు ముస్తాబు చేయొద్దు పాపా. విసుగును విసుగుగానే రాయి.)

ఆ నిమ్మకాయల సంగతికి ఇప్పుడైతే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో నాకు నవ్వే తీరిక ఎక్కడిది? మా ఆయన పెనుకొండ దగ్గర ఒక హైస్కూల్లో ల్యాబు అటెండరు. ఆయన పోయాక ఆ పని నాకిచ్చారు. నాకు పాతికేళ్లు దాటలేదు, ఇంట్లో ఇద్దరు పసిబిడ్డలు, పని ఇంకా పర్మినెంటు కాలేదు. వీటన్నిటి పైన ఈ సారు! ల్యాబులో ఉన్నవి నాలుగు గాజు గొట్టాలు, ఒక స్పిరిటు దీపం. మిగతా సైన్సంతా మా వంటింట్లోనే ఉందని ఆయన గట్టి నమ్మకం. పసుపు తేమ్మా, సున్నం తేమ్మా, చింతపండు తేమ్మా. ఒకరోజు ఉడికించిన గుడ్డు తెమ్మన్నాడు. పాపం ఆకలేమో అనుకుని ఉప్పూకారం కూడా పొట్లం కట్టి తెచ్చాను. ఆయన దాని పొట్టు తీసి, ఒక సీసాలో కాగితం మండించి వేసి, గుడ్డును మూతి మీద కూర్చోబెట్టాడు. అది గుటుక్కున లోపలికి పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయారు. ఆ సీసా కడగాల్సింది ఎవరు? పుల్లతో పొడిచి పొడిచి నా చేతులు పడిపోయాయి. ఇంకోసారి బెలూను ఎవరి తలకో రుద్ది నా చీర కొంగుకు అంటించి, "చూడండి, ఎట్లా పట్టుకుందో!" అన్నాడు. నేనేమైనా గోడనా?

నా తప్పులూ లేకపోలేదు. వారం రోజులు ఆయన ముచ్చటగా బూజు పట్టించుకున్న బన్నును నేను కాకులకు వేసి, పళ్లెం తళతళా తోమిపెట్టాను. హెడ్మేడం పిలిచి, "ఇంగొక్క ఫిర్యాదు వచ్చిందంటే నిన్ను తీసేయమని పైకి రాసేస్తా" అంది. ఆ రోజు నుంచి ల్యాబు తాళం తీసేటప్పుడల్లా, ఏది ముట్టుకోవచ్చో ఏది కూడదో అని గుమ్మంలోనే నిలబడి చూసుకునేదాన్ని.

అట్లా ఒక పొద్దున తాళం తీశాను. బల్ల మీద, మా ఆయన కూర్చునే స్టూలుకు ఎదురుగా, వరసగా ఐదు నిమ్మకాయలు. ఒక్కోదానికి ఒక మేకు, ఒక రాగి తీగ గుచ్చి ఉన్నాయి. కాయకూ కాయకూ ఎర్ర వైరు, నల్ల వైరు ముడి. మేకు గుచ్చిన నిమ్మకాయ అంటే మా వైపు ఒకటే అర్థం. "మొగుణ్ణి మింగి ఆయప్ప కుర్చీలో కూచుంది" అని వీధిలో ఆడవాళ్లు అప్పటికే అంటున్నారు. నా పని పోవాలని ఎవరో చేయించారనుకున్నాను. బిడ్డలు కళ్లలో మెదిలారు. చేత్తో తాకకుండా చీపురుతో చేటలోకి ఊడ్చి, మూడు దోవలు కలిసే చోట పారేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి, బడి కొళాయి కింద రెండు బకెట్లు నెత్తిన గుమ్మరించుకున్నాను. నీళ్లు కారుతూ ల్యాబులోకి వచ్చి నిలబడితే సారు వచ్చాడు.

"నిమ్మకాయలు యాడమ్మా?"

"భయపడాకండి సారూ, పారేసి వచ్చినా. ఎవురో చేతబడి చేసినారు."

సారు స్టూలు మీద కూలబడ్డాడు. "చేతబడి కాదమ్మా, బ్యాటరీ! పిల్లోళ్లు నిన్న సాయంత్రం చేసి పెట్టినారు. ఈ పొద్దు ధర్మవరంలో సైన్సు ప్రదర్శన ఉండాది!"

"బ్యాటరీ అయితే బ్యాటరీ మాదిరి ఉండాల గానీ, నిమ్మకాయ మాదిరి ఎందుకుండాది?" అన్నాను. భయంలో కూడా నోరు ఊరుకుంటుందా?

ఇంతలో గుమ్మంలో హెడ్మేడం. "ఏమి గలాటా?" సారు నా వైపు చూశాడు, నా తడి చీర వైపు చూశాడు. "ఏం లేదు మేడం, సామాన్లు సర్దుకుంటాండాము" అన్నాడు.

మూడు దోవల దగ్గరికి పరుగెత్తాం. అక్కడ ఒక ట్రాక్టరు ఆగిపోయి ఉంది. గొర్రెలాయన మందను చేలోకి మళ్లించుకున్నాడు. సారు నేరుగా పోయి వంగాడు.

"ముట్టుకోవద్దు సారూ! పెండ్లాం బిడ్డలుండే వాళ్లు మీరు!"

"ఈ జింకు మేకులు హిందూపురం నుంచి తెచ్చినానమ్మా, ఈడ దొరకవు" అంటూ ఒక్కోటి చేతిరుమాలుతో తుడిచి సంచిలో వేసుకున్నాడు. ఒక కాయ మాత్రం ఏదో బండి కింద పడి చితికిపోయింది. దాని మేకు మిగిలింది. "తుడిచేదానికి నువ్వూ రావాల" అని నన్నూ బయల్దేరదీశాడు. సంచిలో ఏముందో బస్సులో అందరికీ తెలిసిపోయింది. సారుకీ, బ్యాటరీ చేసిన ఇద్దరు పదో తరగతి ఆడపిల్లలకీ, నాకూ వెనక సీటు మొత్తం వదిలేశారు. ధర్మవరం దాకా కాళ్లు చాపుకుని పోయింది ఆ ఒక్కసారే.

అక్కడ సారు జ్యూసు బండి దగ్గర కొత్త నిమ్మకాయ కొని, మేకుతో పాటు నా చేతిలో పెట్టాడు. "నువ్వే గుచ్చమ్మా."

"నేనా? నా చెయ్యి మంచిది కాదు సారూ."

"చెయ్యి సంగతి దానికెందుకు? మేకు రసంలోకి దిగితే చాలు."

కళ్లు మూసుకుని గుచ్చాను. పిల్లలు వైర్లు తగిలించారు. సీరియల్ లైట్ల దండలోంచి కోసిన చిన్న ఎల్ఈడీ బల్బు వెలిగింది, కుంకుమ బొట్టంత. నేను చాలాసేపు దాని ముందు నుంచి కదల్లేదు. (బహుమతి మాకు రాలేదు. సోడా పోసి పొంగించిన మట్టికొండకిచ్చారు. ఆ కోపం నాకు ఇంకా ఉంది.)

పని పర్మినెంటయింది. ఆ ల్యాబు తాళం ఇప్పటికీ నా నడుముకే ఉంటుంది. కొత్త టీచర్లు వచ్చినప్పుడు నిమ్మకాయ బ్యాటరీ పెట్టేది నేనే. తడిచీరతో వణుకుతూ నిలబడిన ఆ పిచ్చిదాన్ని తలచుకుంటే, పిలిచి తల తుడవాలనిపిస్తుంది.

చాల్లే పాపా, ఇక మొదటి నుంచి చదువు. సారు అడిగిన మాట దగ్గర కొంచెం ఆగు. ఈసారి నేను నెమ్మదిగా జవాబు చెప్పుకుంటాను.