వేట దేవతకు చీర కట్టాను

ఈ గల్ఫ్ దేశంలో, హూరా అనే పేటలో నేను పనిచేసే ఫ్రేముల షాపుకి ఒక హోటల్ నుంచి ఆర్డరొచ్చింది. లాబీ గోడకి నిలువెత్తు ఆయిల్ పెయింటింగ్ కావాలట. వాళ్లు పంపిన ఫోటో పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రానిది. ఆ కాలపు యూరప్ దొరలకు గ్రీకు దేవతలంటే మహా మోజు. పురాణం పేరు చెప్పి, ఒంటిమీద నూలుపోగు లేని ఆడవాళ్లను గోడలకు ఎక్కించుకునేవారు. ఈ చిత్రంలో వేట దేవత కొలనులో స్నానం చేస్తుంటే, దారి తప్పి వచ్చిన వేటగాడు చూస్తాడు. ఆమె కోపంతో అతన్ని దుప్పిగా మార్చేస్తుంది. ఆ తర్వాత కథలో అతను పెంచిన కుక్కలే అతని మీద పడతాయి, బొమ్మలో ఇంకా అంతదాకా రాలేదు. కొమ్ములు మొలిచేశాయి గాని, కళ్లు ఇంకా మనిషివే. ఆ కళ్ల కోసమే ఈ పని నాకు కావాలనిపించింది.

మా ఊళ్లో చర్చి గోడలకూ చీరల దుకాణాలకూ బొమ్మలు వేసినవాణ్ణి. ఇక్కడ నా డ్యూటీ ఫ్రేములకు చెక్క కోయడం. ఇది కుదిరితే ఇక బొమ్మల పనే ఇస్తానని యజమాని అన్నాడు.

"లాబీలో ఫ్యామిలీలు కూర్చుంటాయి. ఆమెకు బట్టలు వెయ్యి" అన్నాడు. సరే, అదీ న్యాయమే. శ్రద్ధగా వేశాను. అద్దాలు బిగించే కరీంనగర్ భాయ్ వచ్చి చూసి పగలబడి నవ్వాడు.

"ఏమన్నా, గీమె తానం జేస్తున్నట్టు లేదు, పెండ్లికి పోతున్నట్టున్నది!"

వెనక్కి జరిగి చూశాను. ఎడమ భుజం మీద పైట, ముందు కుచ్చిళ్లు, సన్నటి జరీ అంచు. గ్రీకు దేవతకు నేను నిక్షేపంగా చీర కట్టేశాను. యజమాని ఫోటో తీసి హోటల్‌కి పంపాడు. అసలు ఆడమనిషే వద్దని జవాబొచ్చింది.

ఒళ్లు మండిపోయింది. ఎవరిని తిట్టను? చీర కట్టింది నా చెయ్యే. ఆమె మీద పొదలు వేసి కప్పేశాను. ఇక దుప్పి దేనికి భయపడుతోందో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది? పోనీ, కళ్లయినా మిగిలాయని సరిపెట్టుకున్నాను.

హోటల్ మేనేజరు స్వయంగా వచ్చాడు. చాలాసేపు చూశాడు.

"బాగుంది. కానీ జింక ఏడుస్తున్నట్టుంది. గెస్టులకు బాగుండదు."

"అది జింక కాదు సార్, మనిషి" అన్నాను.

ఆయన నావైపు చూసి, యజమాని వైపు తిరిగాడు.

"యల్లా, కళ్లు మార్చెయ్. ఖలాస్" అని తొందరపెట్టాడు యజమాని.

మార్చాను. సాయంత్రానికల్లా పచ్చిక మేసే ఒట్టి దుప్పి నిలబడింది. అందరికీ నచ్చింది. యజమాని మాట కూడా నిలబెట్టుకున్నాడు, రేపటి నుంచి నేను చెక్క కోయక్కర్లేదు. హోటల్ గదులన్నిటికీ ఇలాంటి దుప్పులే కావాలట.