ఊఁ కొట్టినందుకు

మొన్న శనివారం హెర్న్‌డన్ నుంచి మా మనవరాలు ఫోన్ చేసి, ఫ్రెండ్స్‌తో యూటా వెళ్తున్నామనీ, రిసార్టు దాటి బయటి కొండల్లో స్కీయింగ్ చేస్తామనీ గుక్కతిప్పుకోకుండా చెబుతుంటే, నేను అలవాటు కొద్దీ ఊఁ, ఊఁ అంటూ కూర్చున్నాను. ఉన్నట్టుండి అది ఆగి, "తాతా, ఊఁ అంటే ఓకేనా, ఊరికే వింటున్నావా?" అంది. నలభై ఏళ్ళ కిందట ఈ ప్రశ్న ఇంకొకాయన అడిగి ఉంటే ఎంత బాగుండేది!

ఊఁ కొట్టడమంటే ఒప్పుకోవడం కాదని మన తరం వాళ్ళకి వేరే చెప్పాలా? నేను ఊఁ కొట్టడం మానితే మా నాయనమ్మ బైబిలు కథ అక్కడే ఆపేసేది. ఆ ఊఁ నాతోపాటే విమానం ఎక్కింది.

ఎనభైల మొదట్లో, సాల్ట్ లేక్ సిటీలో ఒక గనుల కంపెనీలో చేరిన కొత్తలో, పక్క సీటు అమెరికన్, నాకంటే పదేళ్ళు పెద్దవాడు, నాకు స్కీలు నేర్పాడు, మంచును నమ్మకూడదనీ నేర్పాడు. పారతో గొయ్యి తవ్వి, పైన గాలికి గట్టిపడిన పలకనీ, దాని అడుగున పంచదారలా జారిపోయే పాత మంచునీ చూపించి, కాలి కింద దబ్బుమని కుంగిన చప్పుడు వచ్చినా, స్కీల ముందు పగులు పాకినా ఆ వాలు జోలికి పోవద్దని పదేపదే చెప్పేవాడు.

ఒక మార్చి ఉదయం ఆ రెండూ జరిగాయి. వెనక్కి పోదామనిపించింది నాకు. ఆయన వాలు అంచున నిలబడి, గాలి గట్టిగానే వీచింది, కొత్త మంచు మోకాటి లోతుంది, అయినా చెట్ల వారగా ఒక్కొక్కరమే దిగితే నిలుస్తుందేమో అని పైకే అనుకుంటుంటే, నేను ప్రతి మాటకీ ఊఁ అన్నాను. నేర్పినవాడికి వద్దని చెప్పడానికి నేనెవణ్ణి అన్న పాడు మొహమాటం! ఆయన నాలుగు మలుపులు తిరిగాడో లేదో, పైన వాలు అడ్డంగా చీలి, దుప్పటి లాగేసినట్టు మొత్తం కదిలిపోయింది. "ప్రభువా!" అని అరిచాను. కింద ఒక చేతి తొడుగు పైకి కనబడబట్టి సరిపోయింది. అక్కడ పడి తవ్వి ముఖం బయటికి తీశాను. ప్రాణం దక్కింది గానీ మోకాలు దక్కలేదు.

ఆసుపత్రిలో, అన్నీ తెలిసి ఎందుకు దిగావని సిగ్గులేకుండా నేనే అడిగాను. నువ్వు అన్నిటికీ అవునన్నావుగా, భయంగా ఉందని ఒక్క మాట అంటే తిరిగి వచ్చేవాణ్ణే అన్నాడు, కోపం కూడా లేకుండా. ఆయన మళ్ళీ స్కీలు తొడగలేదు. నేనూ తొడగలేదు, నా మోకాళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి.

ఇప్పటి పిల్లలకి ఏ కొండ ఎంత ప్రమాదమో పొద్దున్నే ఫోన్లో తెలుస్తుంది, పూడిపోతే జాడ చెప్పే పరికరం ఛాతీకి కట్టుకుంటారు. మా ఇద్దరికీ ఆ రోజు ఉన్నదల్లా పక్కవాడి నోరు. ఆ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా మోసి మోసి అలసిపోయాను.

ఫోన్లో అది ఇంకా జవాబు కోసం చూస్తోంది. "వింటున్నానమ్మా, అంతే. ఓకే కాదు. నాకు భయంగా ఉంది" అన్నాను.

అవతలి నుంచి "ఊఁ" అంది. అది ఏ ఊఁ అని అడిగేలోగా ఫోన్ పెట్టేసింది.