మరకల మామయ్య కోత

“తలుపుకి తలకాయ ఆనించినందుకు నాలుగు వేలా?”

“ఆనించినందుకు కాదయ్యా. ఆనించి ఆలోచించినందుకు. ఊరికే ఆనిస్తే నూనె ఇంత లోతుకి దిగదు.”

“ఇదెక్కడి లెక్కండీ? మనిషన్నాక ఆలోచించడా?”

“నీ ఇంట్లో ఆలోచించుకో, ఉచితం. నా తలుపుకి ఆనుకుంటే కడిగే ఖర్చు నీదే.”

నేను మెట్ల మీద నిలబడి వింటున్నాను. అరుస్తున్నది కింది వాటా ఖాళీ చేసిన బూట్ల షాపాయన. అరవకుండా చంపుతున్నది మా ఇంటి ఓనరు మరకల మామయ్య. ఆయన గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, మామయ్య మరకలతో మాట్లాడతాడు. మనుషులతో కన్నా మర్యాదగా మాట్లాడతాడు. నలభై ఏళ్ళు లాండ్రీ నడిపి, జనం విప్పేసిన బట్టల్లోనే జనాన్ని చదివాడు. లాండ్రీ మూసేశాక చదవడానికి బట్టల్లేక, అద్దె గదుల మీద పడ్డాడు.

ఎవరు ఖాళీ చేసినా సరే, మధ్యాహ్నం భోంచేసి ఆ ఖాళీ గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంటాడు. లైటు వెయ్యడు. ఫ్యాను వెయ్యడు. గంటసేపు గచ్చు మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. బయట చెవి పెడితే “ఊఁ... ఆఁ... అయ్యో, తర్వాత?” అని వినిపిస్తుంది. లోపల ఆయన తప్ప పురుగు కూడా లేదని మనకి తెలుసు. ఆ ‘తర్వాత?’ కూడా ఫరవాలేదు. దాని వెనక వచ్చే నిశ్శబ్దమే నాకు పడదు. ఎవరో జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపూ ఉంటుంది.

గంటయ్యాక చెమటతో బయటికొచ్చి చీటీ రాస్తాడు. ఫలానా మరకకి ఇంత, ఫలానా గీతకి ఇంత. అదంతా అడ్వాన్సులో కోత.

పోయినేడు బ్యాంకు గుమాస్తా ఖాళీ చేసినప్పుడు చీటీ నేనే చదివాను. “కిటికీ చువ్వ మీద వేలిముద్రలు, మూడు వందలు. రోజూ సాయంత్రం ఆరింటికి ఎదురింటి మేడకేసి చూసినందుకు.” గుమాస్తా కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు. ఎదురింటి మేడ మీద ఎవరుంటారో ఆయన భార్య అప్పటిదాకా పట్టించుకోలేదు. ఆ సాయంత్రం పట్టించుకుంది.

నన్నూ వదల్లేదు. ఒకరోజు అద్దె ఇవ్వడానికి వెళితే అన్నాడు, “కాలేజీ మానేశావు కదూ?”

మా నాన్నకే తెలీదు. “ఎవరు చెప్పారు?” అన్నాను.

“మొన్న పైపు చూడ్డానికి నీ గదిలోకి వచ్చాను. కుర్చీ కాళ్ళ గీతలు ఇదివరకు బల్లవైపు ఉండేవి. రెండు నెలల్నుంచి కిటికీవైపున్నాయి. ఖాళీ చేసేటప్పుడు రెండు వైపులా కట్టాలి, గుర్తుంచుకో.”

ఆ రాత్రి కుర్చీ ఎత్తి మంచం మీద పెట్టుకుని, నేను కింద పడుకున్నాను.

సరే, బూట్ల షాపాయన సంగతి. అడ్వాన్సు ముప్పై వేలు. రసీదు ఆయన పేరున ఉంది గానీ, కట్టింది ఆయన భార్య. జాకెట్లు కుట్టి కుట్టి కూడబెట్టిన డబ్బు. నేనామెను అక్కా అనేవాణ్ణి. పది రోజుల కిందట కుట్టుమిషను ఆటోలో వేసుకుని ఒక్కతే ఎటో వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు నా చొక్కాకి గుండీ కుడుతూ, “ఆ ముప్పై వేలు చేతికొస్తే చాలు తమ్ముడూ, ఎక్కడో ఓ గది తీసుకుని బతికేస్తాను” అంది. ఇప్పుడు ఆ డబ్బు కోసం ఈయన వచ్చాడు. ఆ డబ్బునే మామయ్య మరకల కింద కోసేస్తున్నాడు. ఎవరు గెలిచినా అక్కకి సున్నాయే.

“కోతలన్నీ పోను నీకొచ్చేది ఆరు వందల యాభై” అన్నాడు మామయ్య.

“నేను పోలీసుల దగ్గరికి వెళ్తాను!”

“వెళ్ళు నాయనా. వచ్చేటప్పుడు వాళ్ళనీ తీసుకురా. తలుపుకి అవతలివైపు మరక కూడా చూపిద్దాం. దానికింకా నేను లెక్క కట్టలేదు.”

బూట్ల షాపాయన చటుక్కున తలుపుకేసి చూశాడు. ఆరు వందల యాభై లెక్కపెట్టుకోకుండా జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. దడదడా దిగి, “సిగ్గులేదా మామయ్యగారూ? ఆడమనిషి కుట్టి సంపాదించిన డబ్బు మింగడానికి నోరెలా వచ్చింది?” అన్నాను.

ఆయన చీటీ మడిచాడు. “చెప్పులు విప్పి లోపలికి రా.”

ఖాళీ గది. పట్టపగలే లోపల సాయంత్రంలా ఉంది. గచ్చు మీద కుట్టుమిషను కాళ్ళు నాలుగూ ఆనిన గుంటలు. మామయ్య తల పక్కకి వంచాడు.

“వినపడుతోందా?”

“ఏంటి?”

“మిషను.”

ఏమీ లేదు. కానీ ఆ గుంటల పక్కన పెట్టిన నా అరికాలికి సన్నగా ఏదో అదిరినట్టయింది. కాలు తీసేశాను.

మామయ్య తలుపు మూసి, దాని లోపలివైపు చూపించాడు. నల్లగా నూనె మరక. నా నడుం కన్నా కిందికే ఉంది. నిలబడ్డ మనిషిది కాదు, నేల మీద కూర్చున్న మనిషి తలది. దాని ముందు గచ్చు మీద రెండుచోట్ల మడమలు గట్టిగా తన్నిపెట్టి రాసుకున్న నునుపు. గడియ ఉండాల్సిన చోట నాలుగు మేకుల బొక్కలు. తర్వాత తలుపు తెరిచి అవతలివైపు చూపించాడు. సరిగ్గా అదే ఎత్తులో బూటు ముద్ర. ఒకటి కాదు. ఒకదాని మీద ఒకటి, ఎన్నో.

ముద్రలు లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశాను.

“గడియ ఊడిందని ఒక్క మాట చెప్పుంటే బిగించేవాణ్ణి. చెప్పలేదు పిచ్చిపిల్ల” అన్నాడు మామయ్య. కాసేపు బొక్కల్ని వేలితో తడిమాడు.

“మరి డబ్బు?”

“మొన్ననే ముప్పై వేలూ ఆ అమ్మాయి చేతిలో పెట్టేశాను. గది తీసుకుంది. ఎక్కడని అడక్కు, చెప్పను. ఆ ఆరు వందల యాభై నా జేబులోంచి పోయింది.”

నా కళ్ళకి ఆయన ఒక్కసారిగా దేవుడిలా కనిపించాడు. “అంటే, ఇన్నాళ్ళూ అందరి దగ్గరా కోసిందంతా ఇలాగే...”

“ఛ! అది కడగడానికేరా. నేనేమన్నా ధర్మసత్రం పెట్టానా?”

దేవుడు మాయమైపోయాడు. నాకు కాస్త ఊపిరాడింది.

మామయ్య గుమ్మంలోంచి వీధి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. “ఒరేయ్, నాకో సాయం చేసిపెట్టాలి. వాడు ఇంటికెళ్ళి ఆలోచిస్తాడు. డబ్బు ఆ పిల్లకి చేరిందని ఏమాత్రం అనుమానం వచ్చినా వెతుక్కుంటూ పోతాడు. నేను మింగేశాననే నమ్మాలి. రేపు పొద్దున అందరూ పనులకి బయల్దేరే వేళ నువ్వొచ్చి, ఇందాక అన్నావే, ఆ ముక్కలే వీధిలో నిలబడి అను. వీధి చివర వాడి షాపు దాకా వినపడాలి. దొంగ అను, పిసినారి అను, పీనుగుల మీద పేలాలేరుకునేవాడను, నీ ఇష్టం.”

నేను తలూపాను. ఆయన లోపలికి వెళ్ళబోతూ ఆగి, వెనక్కి తిరిగాడు.

“మా అమ్మని మాత్రం ఏమీ అనకురా.”