దొడ్డమ్మ దాచిన పులుసు

పులస చేప పులుసు ఎలా చేస్తావని ఎవరడిగినా మా దొడ్డమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ గుట్టు ఆవిడతోనే పోతుందేమోనని నా బెంగ.

"కొత్త నెట్‌వర్కు ఒకటి వస్తోంది దొడ్డమ్మా. ఏదిచ్చినా ముక్కలు చేసి తలో చోటా దాస్తుంది. పరాయివాళ్లు చదవలేరు, ఎప్పటికీ చెరగదు. నీ పులుసు అందులో దాచేద్దాం," అనేవాణ్ణి.

రాజమండ్రి వెళ్లినప్పుడల్లా "వచ్చిందా నాయనా నీ నెట్‌వర్కు?" అని అడిగేది. నా బట్టతల మీద జుట్టులాగే అదీ వస్తూనే ఉండేది.

చివరికోసారి నోటి మీంచి కొంగు తీసింది. "నేనెప్పుడో దాచేశాన్రా. పెద్దకోడలికి మసాలా, రెండోదానికి చింతపండు, మూడోదానికి పొయ్యి మంట సంగతి చెప్పా. ఒకరిది ఇంకొకరికి తెలీదు."

"వాళ్ల మధ్య మాటల్లేవుగా దొడ్డమ్మా!"

"పులస వచ్చాక చూడు!"

ఆవిడ పోయిన ఏడు, గోదారికి ఎర్రనీరు, దాంతోపాటే పులసా రాగానే కోడళ్లు ముగ్గురూ ఒకే పొయ్యి దగ్గర చేరారు. పులుసు అచ్చం ఆవిడదే. నా నెట్‌వర్కు మాత్రం ఇంకా వస్తూనే ఉంది.