పెనుకొండ నుంచి ఐదు–తొమ్మిది: ఒక సవరణ

మా రేడియో క్లబ్బు పత్రికలో పోయిన వానాకాలంలో నేనొక చేతి సెట్టు గురించి రాశాను. చౌకలో దొరికేది, గుప్పిట్లో ఇమిడేది, పెట్టె మీద ఎనిమిది బ్యాండ్లని అచ్చేసి ఉండేది. ‘పెనుకొండ కొండ మీద నుంచి మాట్లాడితే ధర్మవరంలో పక్క గదిలో ఉన్నట్టు వినిపించింది’ అన్నాను. ఆ వాక్యం నమ్మి సెట్టు కొన్నవాళ్ళు నన్ను మన్నించాలి. ఇంకా కొననివాళ్ళు ఈ ప్రయాణం చివరిదాకా చదివి, ఆ తర్వాత వాళ్ళ ఇష్టం.

నాది హిందూపురం. మోటార్లకు వైండింగు చేసే షాపు ఉంది. లైసెన్సు తీసుకుని, సరదా కోసం రేడియోలో మాట్లాడుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ రోజు ధర్మవరంలో నా మాట విన్నది నాగభూషణం. పట్టుచీరల వ్యాపారి, నాకంటే చిన్నవాడు, నాకు తెలిసినవాళ్ళలో అంతకు మించిన మర్యాదస్తుడు లేడు. మా వాళ్ళలో ఒక అలవాటుంది. ఎదుటివాడి మాట ఎంత స్పష్టంగా ఉందో ఐదుకు, ఎంత బలంగా ఉందో తొమ్మిదికి మార్కులు వేస్తాం. ఐదు–తొమ్మిది అంటే నూటికి నూరు. నాగభూషణం నాకు ఆ రోజు ఒకసారి కాదు, ఆరేడుసార్లు ఐదు–తొమ్మిది ఇచ్చాడు.

అంతా బాగానే ఉండేది. పోయిన శుక్రవారం కదిరి నుంచి సుజాత ఫోను చేసింది. అక్కడ మందుల షాపు నడుపుతుంది, క్లబ్బులో చురుకైన మనిషి.

“సార్, తేరు నాడు రథం లాగే జనంలో తప్పిపోయిన పిల్లల్ని అమ్మానాయనల దగ్గరికి చేర్చే పని ఈసారి మన క్లబ్బు చేతిలో పెట్టినారు. ఆ జనంలో ఫోన్లు పలకవు. మీరు రాసిన సెట్లే తెప్పిస్తాండాం. ధర్మవరం దాకా పోయే సెట్టుకు కదిరి వీధులొక లెక్కా!”

“లెక్కే కాదమ్మా” అన్నాను.

“ఆదివారం రాత్రికి ఆర్డరు పెడతా. కొండెక్కిన పొద్దు మీరు ఫోను ఏమీ వాడలేదు కదా సార్?”

“లేదమ్మా.”

పెట్టేశాక గుర్తొచ్చింది. మాట్లాడలేదు గానీ, రేడియో నొక్కే ముందు నాగభూషణానికి ఒక మిస్డ్ కాల్ ఇచ్చాను, సిద్ధంగా ఉండమని. మా వాళ్ళందరం అంతే చేస్తాం. దాన్ని తప్పని ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఈసారి పిల్లల సంగతి కదా, ఇంకొక్కసారి చూసి వద్దామని నాగభూషణానికి చెప్పాను. ఆదివారం పొద్దున సరిగ్గా పదికి కొండ మీద నుంచి పిలుస్తాను, ఈసారి ఫోనే ముట్టను అన్నాను. “రా అన్నా, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే” అన్నాడు.

ఆదివారం ఏడున్నరకు హిందూపురం స్టేషన్లో ఉన్నాను. పాసింజరు టికెట్టు తీసుకుని, ఫోను ఆపి సంచి అడుగున పడేశాను. సెట్టును మాత్రం చొక్కా జేబుకు తగిలించాను, యాంటెన్నా చెవి దాకా వచ్చేట్టు. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక మాట: సీటు కావాలంటే ఇంతకంటే సులువైన ఉపాయం లేదు. నేను ఎక్కగానే కిటికీ పక్కన కూర్చున్నాయన లేచి “కూర్చోండి సార్” అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని పక్క పెట్టెలోకి పోయారు. నేను రైల్వేవాణ్ణి కాదని చెప్పే లోపలే బండి కదిలింది.

ఎదురుగా మడకశిర నుంచి వచ్చిన వక్కల వ్యాపారి. కాసేపు సెట్టునే చూసి అడిగాడు.

“దుడ్లు ఎంతప్పా దీనికి?”

చెప్పాను.

“నెలకు రీఛార్జి ఎంత?”

“రీఛార్జి లేదప్పా దీనికి.”

“రీఛార్జే లేదా! మరి జనమంతా ఇదే కొనుక్కోవచ్చు గదా?”

“పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవల్ల. లేకపోతే నొక్కకూడదు.”

“మాట్లాడేకి గూడా పరీక్షా? మా ఇంటామెకు చెప్తా ఈ మాట” అని నవ్వాడు. ఎనిమిది బ్యాండ్లలో మాకు మాట్లాడే హక్కున్నవి రెండే, మిగతావి వినడానికే అని వివరించాను. అయితే వినిపించమన్నాడు. ఒక దాంట్లో గుర్రు, ఒక దాంట్లో బుస్సు. చివరికి ఎఫ్ఎం పెడితే పాట ఖణీమని వచ్చింది. పెట్టె పెట్టెంతా తలలూపింది. సెట్టులో అన్నిటికంటే బాగా పనిచేసేది అదే. దాని తర్వాత టార్చి లైటు.

ఎదురు బండి కోసం మమ్మల్ని దారిలో ఆపేశారు. ఎంతకీ కదలదు. పెనుకొండలో దిగేసరికి తొమ్మిదీ నలభై. షేర్ ఆటో ఇరవై రూపాయలు. ఊళ్ళో దిగాక పదికి కొండెక్కడం ఎట్లాగూ కుదరదని తెలిసిపోయింది. బస్టాండు ముందర బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జి వేడిగా కనిపించాయి. సెట్టు ఆపి సంచిలో పెట్టి కూర్చున్నాను. గోడ గడియారం పది కొడుతున్నప్పుడు నేను రెండో బజ్జి తుంచుతున్నాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

కోట మెట్లెక్కి, పైన గాలి తగిలే బండ చేరేసరికి పదకొండు దాటింది. శివరాత్రి ఇంకా రాలేదు, ఎండ మాత్రం అప్పుడే వచ్చేసింది. ఉత్తరం దిక్కుకు తిరిగి, సెట్టు తలకంటే ఎత్తుగా పట్టుకుని, లైసెన్సుతో ఇచ్చిన నా కాల్‌సైన్ చెప్పి పిలిచాను. గుర్రు. బ్యాండు మార్చాను. “ఛానల్ మోడ్” అంది, మీట నొక్కినప్పుడల్లా పలికే సెట్టులోపలి ఆడగొంతు. మళ్ళీ పిలిచాను. బ్యాటరీ మార్చాను, యాంటెన్నా మార్చాను, ఇంకో బండెక్కాను. అరగంటలో నాకు బదులు పలికింది ఆ ఆడగొంతు ఒక్కటే.

కింద మేకలు మేపుకుంటున్న అవ్వ ఒకామె పైకొచ్చి నిలబడింది.

“ఎవుర్ని పిలుస్తాండావు నాయనా?”

“ధర్మవరంలో మావాణ్ణి, అవ్వా.”

“ధర్మవరమా! ఫోను ల్యాదా?”

“ఉండాది. వాడకూడదు.”

ఆమె కర్రతో సెట్టును చూపించింది. “లోపల ఎవురో ఆయమ్మ పలుకుతాంది గదా. ఆమెతో చెప్పి పంపు” అంది. తర్వాత తనే వెనక్కి తిరిగి, కింది గుట్ట మీద తుండు కప్పుకుని పడుకున్న ముసలాయన్ను కొండంతా మారుమోగేట్టు పిలిచింది. ఆయన కదల్లేదు.

“పాపం, ఆయనకు వినపడల్యా” అన్నాను.

“వినపడక ఏమి? చక్కగా వినపడతాది. పలికితే లేసి రావల్లని పలకడు” అని, కర్ర ఊపుకుంటూ దిగిపోయింది.

అక్కడ కూర్చుని నీళ్ళు తాగుతుంటే, వానాకాలం నాటి సంగతి ఒకటి పైకి తేలింది. ఆ రోజు నేను “టిఫినేం తిన్నావప్పా?” అని అడిగాను. నాగభూషణం “ఐదు–తొమ్మిది అన్నా!” అన్నాడు. నాకు అప్పుడే చిన్న అనుమానం వచ్చింది. ఉత్సాహంలో అన్నాడులే అని సర్దుకుని, ఆ ముక్క వదిలేసి మిగతాది పత్రికకు రాశాను.

ఒంటిగంట బండికి ధర్మవరం వెళ్ళాను. నాగభూషణం స్కూటరు మీద కాలు ఆనించి, స్టేషను బయట ఎండలో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది.

“బ్రహ్మాండం అన్నా! పదికి సరిగ్గా పలికినావు. ఐదు–తొమ్మిది!”

“పదికా?”

“పదికే. గంట కొట్టినట్ల!”

నేను స్కూటరెక్కాను. పదికి నా సెట్టు సంచిలో, సంచి బెంచీ కింద, నేను బజ్జీ దగ్గర.

ఇంట్లో ఆయన భార్య లక్ష్మీదేవి ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి ఉంచింది. రెండోది వడ్డిస్తుండగా ఉండబట్టలేక అడిగేశాను.

“భూషణం, పదకొండుకు ఏమన్నా వినపడిందా?”

“పదకొండుకా? రేడియో పొద్దున్నుంచీ ఆన్‌లోనే ఉండాది గానీ, ఏం ల్యా. ఊరికే గుర్రుమనింది.”

“నేను పిలిచింది పదకొండుకప్పా. పదికి బజ్జీలు తింటాండా.”

నాగభూషణం నెయ్యి గిన్నె నా వైపు జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. లక్ష్మీదేవి నవ్వు ఆపుకోలేకపోయింది.

“నేను ఆ పొద్దే అనుకున్నా అన్నా. గుర్రు గుర్రు తప్ప నాకేమీ వినపడల్యా. ఈయప్ప మాత్రం ఐదు–తొమ్మిది, ఐదు–తొమ్మిది అంటాండాడు. రేడియోవాళ్ళ నమస్కారం అదేనేమో అనుకున్నా.”

“నువ్వు అంత ఎండలో కొండెక్కి కేకలేస్తాంటివి. చెవిన పడల్యా అని చెప్పేకి నాకు నోరెట్ల వస్తాదన్నా?” అన్నాడు నాగభూషణం, తన విస్తరాకు వైపు చూస్తూ.

అప్పుడు నాకు అంతా అర్థమైంది. ఆయన మిద్దె మీద పెద్ద యాంటెన్నా, ఇంట్లో నా దానికి పదింతల బలమున్న సెట్టు. ఆయన మాట నాకు నిజంగానే పక్క గదిలో ఉన్నట్టు వినపడింది. నా మాటే ఆయనకు చేరలేదు. వానాకాలంలో మిస్డ్ కాల్ అందుకుని, ఈ రోజు గడియారం చూసి, ఆగి ఆగి ‘ఐదు–తొమ్మిది’ అని మర్యాద చేశాడు. నేను మెచ్చుకుంటూ పత్రికకు రాసింది నా సెట్టును కాదు, ఆయన సెట్టును.

“సరే, అయిందేదో అయింది. మనకు రెండు చేతి సెట్లు ఉంటే సక్రమంగా పరీక్ష చేద్దుము. ఇప్పుడు యాడ తెస్తాం?” అన్నాను.

నాగభూషణం లేచి బీరువా తెరిచి, అచ్చం నా సెట్టులాంటిదే తెచ్చి నా ముందర పెట్టాడు.

“నువ్వు రాసింది చదివి కొన్నా అన్నా.”

“నీకే వినపడలేదు గదప్పా! నువ్వెట్ల కొన్నావు?”

“పత్రికలో వేసినారు గదా. నా చెవులదే లోపమేమో అనుకున్నా.”

ఓళిగ ముక్క ఆకులో వదిలేసి, రెండు సెట్లనూ ఒకే ఛానల్‌కు తిప్పాను.

నాలుగింటికి వీధిలోకి వెళ్ళాం. కొత్త నియమం పెట్టాను. మార్కులు లేవు. నేను ఒక చీర రంగు చెబుతాను, గడప దగ్గర నిలబడిన నాగభూషణం ఆ రంగే తిరిగి చెప్పాలి. వీధి చివర నుంచి “చిలకపచ్చ” అన్నాను. “చిలకపచ్చ” అని వచ్చింది. బజారు మొదట్లో “పసుపుకు మెరూన్ అంచు” అన్నాను. అంచుతో సహా వచ్చింది. రైలు గేటు దగ్గర “ఆనంద నీలం” రెండుసార్లు చెబితే గానీ అందలేదు. గేటు దాటి, పెద్ద మేడలు అడ్డమొచ్చాక “వంకాయ రంగు” అన్నాను. చాలాసేపు గుర్రు.

“చానా బాగుండాదన్నా!” అన్నాడు నాగభూషణం.

“రంగు చెప్పప్పా!”

మళ్ళీ గుర్రు. తర్వాత సన్నగా, “మంచి రంగన్నా.”

కాబట్టి ఇది రాసుకోండి. ఇళ్ళ మధ్య ఈ సెట్టు బజారు దాకా బాగా, రైలు గేటు దాకా కష్టంగా పోతుంది. ఆ తర్వాత పోదు. బ్యాటరీ మాత్రం రోజంతా నిలిచింది. ఆ మంచి మాట ఈసారి నేను పరీక్షించే రాస్తున్నాను.

మిద్దె ఎక్కి, ఫోను తెరిచి సుజాతకు చేశాను. బజ్జీలతో సహా అంతా చెప్పాను.

“సార్, ఒక మాట చెప్తే ఏమనుకోరు కదా? మీరు రాసినాక ఈ సెట్టు కొన్న ముగ్గురు నాకు ఫోను చేసి, అంత దూరం పోతల్యా అన్నారు.”

“పత్రికకు రాయొచ్చు కదమ్మా? నాకన్నా చెప్పొచ్చు కదా?”

“మీరు బాధపడతారని సార్.”

ఆమె గొంతులో నాకు నాగభూషణం వినపడ్డాడు.

“తేరు వీధికి ఇవి చాలుతాయమ్మా, ఒక్క షరతు. మధ్యలో ఒక ఎత్తు మేడ చూసి, ఒకరిని సెట్టుతో పైన నిలబెట్టు. ఆ పక్క మాట ఈ పక్కకు వాళ్ళు అందించాలి. పిల్ల పేరు, చొక్కా రంగు ఎవరు విన్నా తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పకపోతే విననట్టే.”

“ఐదు–తొమ్మిదులు వద్దా సార్?”

“ఆ పొద్దుకు ఆ మాటే వద్దు. ఇంకొకటి, మేడ మీద నన్ను నిలబెట్టు.”

“ఎండ సార్ అక్కడ.”

“తెలుసమ్మా.”

తిరుగు బండి ఆరింటి తర్వాత. నాగభూషణం స్టేషను దాకా వచ్చాడు. లక్ష్మీదేవి కట్టిచ్చిన ఓళిగల పొట్లం నా ఒళ్ళో పెట్టి, కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. ఏడింటికి ఇంట్లో పెద్ద సెట్టు దగ్గర కూర్చోమని, నేను బండిలో నుంచి పిలుస్తానని చెప్పాను. నిజమే చెప్పాలన్నాను. తలూపాడు గానీ, ఆ ఊపడం నాకు నమ్మకం కలిగించలేదు.

ఏడింటికి బండి పుట్టపర్తిలో ఆగింది. బయట చీకటి పడింది. కిటికీలో నుంచి యాంటెన్నా బయటికి పెట్టి, “భూషణం, ఓళిగలు బాగుండాయి, లక్ష్మీదేవికి చెప్పు” అని వదిలాను. ఎదురు సీట్లో పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్న ఆమె “ఎవురితోనన్నా?” అంది. ఉండమ్మా అన్నట్టు చెయ్యి చూపించాను.

సెట్టు చిటపటమంది. నాగభూషణం గొంతు పక్క సీట్లో కూర్చున్నట్టే వచ్చింది.

“అన్నా, టైము ఏడయింది. నువ్వు పిలిచింటావు. ఐదు…”

ఆగిపోయాడు. బటను నొక్కే ఉంచాడని తెలుస్తోంది. వాళ్ళింట్లో ఫ్యాను తిరిగే చప్పుడు వినపడుతోంది. వెనక నుంచి లక్ష్మీదేవి “చెప్పు, చెప్పు” అంటోంది.

“అన్నా, వినపడల్యా. ఏమీ వినపడల్యా అన్నా. ఏమీ అనుకోవద్దు. జాగ్రత్తగా పో.”

ఇన్నేళ్ళలో నాకు వచ్చిన రిపోర్టుల్లో అంత స్పష్టమైనది ఇంకొకటి లేదు. బదులు చెప్పినా ఆయనకు అందదని తెలిసీ బటను నొక్కి, “ఐదు–తొమ్మిది, భూషణం” అన్నాను. బండి కదిలింది. పెనుకొండ వచ్చేదాకా ఆ పసిబిడ్డకు ఎఫ్ఎం పాటలు వినిపిస్తూ కూర్చున్నాను.