నేను ఎత్తిన చెయ్యి

ఆ రోజు అనంతపురం నుంచి సోమందేపల్లె మీదుగా బెంగళూరు పోయే ప్రైవేటు బస్సులో ఒక డబ్బింగు సినిమా వేశారు. పరాయి దేశంలో, తెల్లారితే విడిపోవలసిన, ఒకరికొకరు కొత్తయిన ఇద్దరు ఊరంతా తిరుగుతూ మాట్లాడుకుంటారు. అంతే కథ.

"ఏమప్పా, ఫైటు లేదు, పాట లేదు! వీళ్ళ మాటలు అయిపోయేలోపల మనం బెంగళూరు చేరతాం," అని వెనక ఎవరో అరిచారు. అందరితో పాటు నేనూ నవ్వాను. సినిమా మార్చాలనేవాళ్ళు చేతులెత్తమన్నాడు క్లీనరు. నేనూ ఎత్తాను.

నా పక్క సీటులో భుజాన కంబళితో ఉన్న ముసలామె లేచి నిలబడింది. "ఆపొద్దప్పా. నేను చూస్తాండా."

"ఏముండాదవ్వా దాంట్లో?" అన్నాడు క్లీనరు.

"మేము గొర్రెలోళ్ళం. ఎరువు కోసరం ఒకరి చేన్లో మంద కడతాం, మూడు దినాలుండి పోతాం. అట్ల ఒక చేనామెతో చెప్పుకున్న మాటలు నా మొగునితో గూడా చెప్పుకోలేదు. మళ్ళా ఆమె కనపడలేదు. అదేమన్నా చిన్న సంగతా?"

ఎవరో ఈల వేశారు. క్లీనరు ఫైట్ల సినిమా పెట్టాడు. ఆమె కూర్చోలేదు. తాను దిగేదాకా టీవీకి వీపు పెట్టి, మా ముఖాలే చూస్తూ నిలబడింది.

దిగబోతూ నన్నడిగింది. "నువ్వు రెప్పెయ్యకుండా చూస్తాంటివి కదప్పా. చెయ్యి ఎందుకెత్తినావు?"

నలుగురి నవ్వుకు జడిసి ఎత్తాను. ఆ మాట కూడా ఆమెతో అనలేకపోయాను.

తర్వాత ఆ సినిమాను వెతికి చివరిదాకా చూశాను. ముగింపు ఆమెకు చెప్పాలని, ఆ దారిన బస్సెక్కినప్పుడల్లా చేలల్లో ఆగిన మందల వైపు చూస్తాను.